ఏడో మూలం, మూడో పేజీ

జూన్ నెల రెండో మంగళవారం, ఉదయం పదకొండు గంటల ఇరవై నిమిషాలకు బాల్వాడీ బాయి మా గది గుమ్మంలో నిలబడి, చెప్పులు కూడా విడవకుండా, "అక్కా, ఇంటర్నెట్ల లీడర్ల గురించి రాసేది నువ్వే గద?" అని అడిగింది. ఏదైనా మొదలవుతున్నట్టు అనిపిస్తే గడియారం చూడడం నాకు ఉద్యోగంలో పడిన అలవాటు. అందుకే సమయం ఇంత కచ్చితంగా చెప్పగలుగుతున్నాను.

ఆమె చేతిలో వానకు తడిసిన కాగితం ఉంది. వరస అద్దె గదుల మా పాత చాల్ మెట్ల దగ్గర గోడకు అంటించిన నోటీసు అది. మూలలకు జిగురు, జిగురుకు సున్నం పెళ్లలు.

"గోడ మీది నోటీసు పీక్కొచ్చినవా?" అన్నాను.

"మరి గోడను తేలేను గద. చదువు."

మరాఠీలో ఉన్న నోటీసును తెలుగులో చెప్పాను. ముంబయి కామాటిపురాలో మా వైపు పాత చాల్‌లు కూల్చి కొత్త భవనాలు కట్టబోతున్నారు. అద్దెకున్న వాళ్ల సంగతి వేరే జాబితా. ఇది అందరికీ పనికొచ్చే గదుల జాబితా: వ్యాయామశాల, భజన మండలి గది, పసిపిల్లలను చూసుకునే బాల్వాడీ. ఒక్కోదానికి బదులు కొత్త భవనంలో ఒక గది ఇస్తారు. దాన్ని ఎవరు స్థాపించి నడుపుతున్నారో వాళ్ల పేరిట ఇస్తారు. బాల్వాడీ గదికి రెండు దరఖాస్తులు వచ్చాయి. ఒకటి బాయిది. రెండోది మా వార్డు మాజీ కార్పొరేటర్ నడిపే ట్రస్టుది. ముప్పయ్యో రోజున, గురువారం నాడు, రుజువులతో విచారణకు రావాలి.

"ఆ నగర్‌సేవక్ మనిషి నాకు ఫోన్ల సూపెట్టిండు," అంది బాయి. కార్పొరేటర్‌ను ఇక్కడ అందరం నగర్‌సేవక్ అనే అంటాం. "బాల్వాడీ సాహెబే పెట్టిండని ఇంటర్నెట్ల ఉన్నదట. తెలుగుల ఉన్నది. గదే పురావా, గదే రుజువు అంటున్నడు. మరి నేనెవర్ని అక్కా, ఇరవయ్యారేండ్లు? జర దిద్దు. నీ చేతిల పనే గద."

నా చేతిలో పనే. అప్పటికి తొమ్మిదేళ్లుగా నా చేతిలో ఉన్న పని.

ఇప్పుడు ఈ పనిలోకి వస్తున్న పిల్లలు నన్ను చూసి, ఈ ముసలామె ఇందులోకి ఎట్లా వచ్చింది అనుకుంటారు. చెబుతాను. నేను పుట్టింది కామాటిపురాలోనే. మా తాత పాలమూరు నుంచి రాళ్లు మోయడానికి వచ్చి, ఈ ఊళ్లో పెద్ద పెద్ద భవనాలకు రాళ్లు మోసి, పది అడుగుల గదిలో పోయాడు. నేను పురపాలక కార్యాలయంలో జనన మరణాల రిజిస్టర్ దగ్గర ముప్పయ్యొక్క ఏళ్లు గుమాస్తాగా చేశాను. కాగితం ఉంటే ఎక్కించడం, లేకపోతే వెనక్కి పంపడం. ఏడ్చేవాళ్లను చూసి ఒక్క తేదీ కూడా మార్చలేదు. యాభై ఎనిమిదికి దిగిపోయాను.

రెండేళ్లకు, దాదర్‌లో తెలుగువాళ్ల సాంస్కృతిక కేంద్రంలో రెండు ఆదివారాలు ఒక శిక్షణ పెట్టారు. ఇంటర్నెట్‌లో ఎవరైనా రాయగల, ఎవరైనా దిద్దగల విజ్ఞాన సర్వస్వంలో తెలుగు వ్యాసాలు రాయడం ఎట్లాగో నేర్పారు. వచ్చిన పద్దెనిమిది మందిలో పదిహేడు మంది సినిమావాళ్ల పేజీలు, గుళ్ల పేజీలు తీసుకున్నారు. ముంబయి తెలుగు గల్లీల నాయకుల పేజీలు ఎవరికీ వద్దు. పద్నాలుగు ఉన్నాయి. నేను తీసుకున్నాను.

ఆ పని నా పాత పని లాగే ఉంది. ప్రతి వాక్యానికీ అచ్చులో వచ్చిన ఆధారం చూపాలి. దాన్ని మూలం అంటాం. పేజీ అడుగున మూలాలకు వరస సంఖ్యలు ఉంటాయి. ఎవరు ఏ నిమిషాన ఏ ముక్క చేర్చారో, ఏ ముక్క తీశారో అంతా పేజీ చరిత్రలో ఉంటుంది, చెరిపినా పోదు. గొడవ వస్తే పక్కనే చర్చ పేజీలో తేల్చుకోవాలి. మన కళ్లతో చూసింది, మనకు తెలిసింది పనికిరాదు. అచ్చయింది కావాలి. ఆ నియమం చదివిన రోజు, ఇది నాలాంటి వాళ్లే రాసి ఉంటారని సంతోషించాను.

పద్నాలుగింటిలో ఎక్కువ కాపలా అవసరమైంది ఈ నగర్‌సేవక్ పేజీకే. ఆయన మనుషులు 'ఆపద్బాంధవుడు' అని చేర్చేవారు, నేను తీసేసేదాన్ని. ఎదుటి పార్టీ వాళ్లు 'రౌడీ' అని చేర్చేవారు, అదీ తీసేసేదాన్ని. రెండు వైపుల వాళ్లూ నన్ను రెండో వైపు మనిషిననే తిట్టేవారు. తిట్లు సమానంగా పడుతున్నాయంటే తక్కెడ సరిగ్గా ఉందని లెక్క వేసుకునేదాన్ని.

ఆయన కార్యకర్త ఒకడు ఉండేవాడు. యాభై దాటిన మనిషి, ఎప్పుడూ నవ్వుతూనే ఉంటాడు. పాలు తేవడానికి కిందికి దిగితే మావ్‌శీ, అంటే పిన్నీ, అంటూ అటకాయించేవాడు.

"క్యా మావ్‌శీ, మా సాహెబ్ పేజీల లోకప్రియ నేత అన్న ముక్క మళ్ల కోసినవట. నీ కత్తెరకు ధార్ మస్తున్నది."

"మీ సాహెబ్ లోకప్రియుడని ఎక్కడ అచ్చయింది?"

"గల్లీ అంత ఫ్లెక్సులున్నయ్ గద!"

"ఫ్లెక్స్ అచ్చు కాదు."

"అచ్చు కాకపోతే ముగ్గా మావ్‌శీ? పదివేలు పెట్టి కొట్టించినం!"

"పుస్తకమో పేపరో చూపించు. పేజీ నంబర్ ఉండాలె. అప్పుడు ఎవరూ ముట్టరు."

వాడు తల ఊపి వెళ్లాడు. నేను వాడికి పాఠం చెప్పానని నాకు అప్పుడు తెలియదు.

బాల్వాడీ బాయి సంగతి కూడా చెప్పాలి, ఎందుకంటే అది ఎక్కడా అచ్చు కాలేదు.

ఆమెను నేను మొదట చూసింది నా కౌంటర్ అవతల. కూలీలు పనికోసం చేరే కూడలిలో, నాకా మీద నిలబడి రోజుకూలీకి పోయే మనిషి. పెనిమిటితో పాటు పాలమూరు వైపు నుంచి వచ్చి ఏడాది అయింది. వర్లిలో లేస్తున్న ఒక భవనం దగ్గర ఇటుకలు మోస్తుంటే, అక్కడే ఇసుక కుప్ప మీద కూర్చోబెట్టిన రెండున్నరేళ్ల కూతురు నీళ్ల తొట్టిలో పడి పోయింది. ఆమె మరణం నమోదు చేయించడానికి వచ్చింది. పంచనామా కాగితం లేదు. వెనక్కి పంపాను. రెండోసారి కాగితం తెచ్చింది, మీద ముద్ర లేదు. వెనక్కి పంపాను. మూడోసారి ఎక్కించాను.

ఆ తర్వాత మూడు నెలలకు మా గల్లీ చివర చాల్‌లో, బొగ్గులు పోసే ఖాళీ గదిని ఇంటాయన కాళ్లు పట్టుకుని అడిగి తీసుకుని, కడిగి, చాపలు వేసి, నాకాకు పోయే తల్లుల పిల్లలను కూర్చోబెట్టుకుంది. మొదట ఐదుగురు. పొద్దున ఏడున్నరకు తల్లులు వదిలిపోతారు, సాయంత్రం ఆరింటికి తీసుకుపోతారు. పాటలు, లెక్కలు, మధ్యాహ్నం పప్పన్నం. నేను ఆఫీసుకు పోతూ, వస్తూ రోజూ చూసేదాన్ని. ఐదో ఏడు నేనే చెప్పాను, "బాయీ, హాజరు పుస్తకం పెట్టు" అని. అప్పటి నుంచి ఒక్కో పుస్తకం రెండేళ్లు వచ్చేట్టు రాసుకుంది. సాయంత్రం పిల్లను తీసుకుపోయేటప్పుడు తల్లి వేలిముద్ర. పదకొండు పుస్తకాలు అయ్యాయి. మొదటి నాలుగేళ్లకు పుస్తకం లేదు.

నగర్‌సేవక్ ఆ గదిలోకి మొదటిసారి అడుగు పెట్టింది పద్నాలుగో ఏట. కింద పలకలు పరిపించి, గోడలకు రంగు వేయించి, గుమ్మం మీద తన పేరుతో బోర్డు పెట్టించి, రిబ్బన్ కత్తిరించాడు. పలకలు మంచివే. ఇప్పటికీ ఒక్కటి పగల్లేదు.

ఇప్పుడు జూన్ మంగళవారానికి వస్తాను. బాయిని కూర్చోమని పేజీ తెరిచాను. నాకు తెలిసిన వాక్యమే: 'నిర్మాణ కూలీల పిల్లల కోసం కామాటిపురాలో బాల్వాడీని నెలకొల్పారు.' పక్కన ఏడో సంఖ్య. కిందికి పోయి చూస్తే, ఏడో మూలం: పన్నెండేళ్ల కిందట ఆయనకు జరిగిన సన్మానం సందర్భంగా వేసిన సంచిక, మూడో పేజీ.

"ఉన్నదా?" అంది బాయి.

"ఉన్నది."

"తీసెయ్యి మరి."

పన్నెండూ ఐదుకు తీసేశాను. పన్నెండూ నలభైకి ఎవరో పెట్టేశారు. మళ్లీ తీశాను, మళ్లీ పెట్టారు. మూడోసారి తీస్తే నియమం ఒప్పుకోదు. చర్చ పేజీలో అవతలివాడు ఒకటే రాశాడు: 'అచ్చయిన మూలం ఉంది, పేజీ సంఖ్య ఉంది. తీయడానికి మీ దగ్గర ఏ మూలం ఉంది?' అది నా వాక్యమే. నేను ఎంతమందికో అదే రాశాను. రాసింది నవ్వే కార్యకర్తేనని నాకు తెలుసు. వాడు ఇప్పుడు నాకంటే శుద్ధంగా రాస్తున్నాడు.

వర్లిలో ఉండే నా తోటి రచయితకు ఫోన్ చేశాను. తపాలా ఆఫీసులో ఉత్తరాలు వేరుచేసే పని చేసి దిగిపోయినాయన. దాదర్ శిక్షణలో నా పక్క కుర్చీ. ఆయన పూర్తిగా విన్నాడు.

"రిజిస్టర్ మేడమ్, నాలుగేండ్ల కింద ఏం చేసినవో యాదికున్నదా?"

ఉంది. ఆ సంచిక మూలంగా చేరిన మరుసటి నెలే ఈయన ఆ వాక్యం కింద ఇంకో వాక్యం చేర్చాడు: 'ఈ బాల్వాడీని నిర్మాణ కూలీ అయిన ఒక మహిళ ప్రారంభించారు.' ఎనిమిది పదాలు. నలభై నిమిషాల్లో నేను తీసేశాను. కారణం అని ఉన్న గడిలో 'మూలం లేదు' అని రాశాను. అప్పుడు ఆయన ఫోన్ చేసి అరిచాడు.

"నీ కండ్లతోని సూసినవ్ గద మేడమ్!"

"నా కళ్లు అచ్చుపుస్తకం కాదు."

"అయితే అచ్చు చెయ్యి. ఆ బాయి మీద రెండు పేజీల వ్యాసం రాయి. మా సంఘం సంచికల నేను ఏపిస్త. అదే మూలమైతది."

"నేనే రాసి, నేనే అచ్చు వేయించి, నేనే దాన్ని మూలంగా చూపించడమా? అది మోసం."

ఆ మాట మీద ఆరు నెలలు మాట్లాడుకోలేదు. ఇప్పుడు ఫోన్‌లో ఆయన అరవలేదు. "ఇంక ముప్పై రోజులల్ల ఏం అచ్చయితది మేడమ్?" అని మాత్రం అన్నాడు. నిజమే. అయినా నోటీసు తర్వాత అచ్చయింది ఎవరు నమ్ముతారు?

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. ఇంతవరకూ చెప్పకుండా లాక్కొచ్చాను.

మా గల్లీల్లో సన్మానాలు ఎక్కువ. పేర్లు లేని గల్లీలు, నంబర్లే ఉన్న గల్లీలు. అందుకేనేమో పేరు మీద అంత మోజు. ఎవరికి శాలువా కప్పినా ఒక సన్మాన పత్రం చదవాలి. చదివి, అద్దం కట్టించి ఇస్తారు. తెలుగు బడులు ఒక్కొక్కటే మూతపడ్డాక, నాలుగు మాటలు తడుముకోకుండా తెలుగులో రాసేవాళ్లు మా వైపు మిగిలింది నేనొక్కదాన్నే. అరవై ఏడు సన్మాన పత్రాలు రాశాను. పద్ధతి ఏమిటంటే, సన్మానం చేసే మండలి వాళ్లు వచ్చి నాలుగు పాయింట్లు చెబుతారు. వాటికి పూలు చుట్టి రాయడం నా పని. కింద నా పేరు ఉండదు. అందులో ఉన్నది నిజమా అని ఎవరూ అడగరు, నేనూ అడగను. పెళ్లి పిలుపులో 'మహారాజశ్రీ' అని వేస్తే ఎవరూ రాజ్యం ఎక్కడని అడగనట్టే.

ఆ సంచిక మూడో పేజీ, నగర్‌సేవక్ సన్మాన పత్రం. 'శ్రమజీవుల పసిబిడ్డలకు నీడగా బాల్వాడీని నెలకొల్పిన దయాళువు' అని ఉంటుంది. ఆ ముక్క రాసింది నేను. ఉద్యోగం ఇంకా ఏడాది మిగిలి ఉండగా, ఒక శనివారం సాయంత్రం, ఇదే గదిలో, ఇదే బల్ల మీద రాశాను.

నాలుగేళ్ల కిందట కార్యకర్త ఆ సంచిక మూలంగా చేర్చినప్పుడు నేను నియమం ప్రకారం సరిచూశాను. నా దగ్గర ఒక ప్రతి ఉంది. తీసి, మూడో పేజీ తెరిచాను. నా వాక్యం గుర్తుపట్టాను. గుర్తుపట్టలేదని చెప్పుకుంటే తప్పు తేలికవుతుంది, కానీ గుర్తుపట్టాను. ఇది నేను రాసిందే, నిజం కాదు అని చర్చ పేజీలో రాయాలి. రాస్తే, కచ్చితం మనిషినని అప్పటికి ఐదేళ్లుగా పేరు తెచ్చుకున్న నేను అరవై ఏడు పత్రాల్లో ఏమేం రాశానో ఎవరైనా అడుగుతారు. 'దయాళువు' అన్నది తీసేశాను. 'నెలకొల్పిన' అన్నది ఉంచాను. 'మూలం సరిచూశాను, పేజీ సంఖ్య సరిపోయింది' అని రాసి సంతకం చేశాను. పొగడ్త తీసేస్తే మిగిలింది నిజమేనని నాకు నేను చెప్పుకున్నాను.

మీలో ఈ పని చేసేవాళ్లు దీన్ని గుర్తు పెట్టుకోండి. పొగడ్త ఎవరికైనా కనబడుతుంది. పొడిగా, మర్యాదగా, పేజీ సంఖ్యతో కూర్చున్న అబద్ధాన్ని మనమే కాపలా కాస్తాం.

నోటీసు వచ్చిన ఏడో రోజున చర్చ పేజీలో రాశాను: ఆ సన్మాన పత్రం రాసింది నేనే, మండలి వాళ్లు చెప్పిన మాటలు విచారించకుండా రాశాను, బాల్వాడీని స్థాపించింది ఆయన కాదు. మూడు వాక్యాలు రాయడానికి రెండు గంటలు పట్టింది. మరునాడు హైదరాబాదులో ఉండే విజ్ఞాన సర్వస్వం నిర్వాహకుడి జవాబు వచ్చింది. చాలా మర్యాదగా రాశాడు. వ్యక్తిగత సాక్ష్యం మూలం కాదన్నాడు. మూలాన్ని రాసింది నేనే అయితే నాకు ఈ విషయంలో సొంత సంబంధం ఉన్నట్టు, కాబట్టి ఈ పేజీ జోలికి నేను రాకూడదన్నాడు. గొడవ సద్దుమణిగేవరకు పేజీకి రెండు నెలలు తాళం వేస్తున్నానన్నాడు. తాళం పడేటప్పుడు పేజీ ఎట్లా ఉంటే అట్లాగే ఉంటుంది. ఇదే తాళం వేరే గొడవల్లో నేనే అడిగి వేయించాను. ఇప్పుడు ఆ వాక్యాన్ని తాళం లోపల పెట్టారు.

ప్రపంచంలో ఎవరైనా చదవగల చోట తప్పు ఒప్పుకున్నాను. గల్లీ చివర ఉన్న బాయికి మాత్రం చెప్పలేదు. రోజూ అడిగేది, "అయిందా అక్కా?" అని. "చూస్తున్నారు" అనేదాన్ని.

సాక్షుల కోసం తిరిగాం. పాతవాళ్లు ఆరుగురు వస్తామన్నారు. కొత్త భవనంలో ఎవరికి ఏ అంతస్తు అన్నది అప్పటికింకా తేలలేదు, అందులో నగర్‌సేవక్ మాట నడుస్తుందని అందరికీ తెలుసు. ఒకాయన తలుపు సగమే తీసి, "బాయీ, నీ బాల్వాడీలనే నా మన్మడు అ ఆలు నేర్చిండు, కాదంటలేను. కానీ నేను మోకాళ్ల నొప్పులోణ్ని, నాకు ఫస్ట్ ఫ్లోర్ కావాలె," అన్నాడు. విచారణకు ఆరుగురిలో ఒక్కరూ రాలేదు. పిల్లల తల్లులు వచ్చారు, నలుగురు, ఆ రోజు కూలి వదులుకుని. వాళ్లలో అందరికంటే పాతామె ముంబయికి వచ్చి మూడేళ్లు.

విచారణ, మూతపడిన ఒక బడి గదిలో. నల్లబల్ల ఇంకా ఉంది. అధికారికి ముప్పయ్యైదు దాటి ఉండవు. నలగని చొక్కా, ఎదురుగా రెండు దొంతరల కాగితాలు, మధ్యలో స్కేలు. ప్రతి కాగితం మీదా పెన్సిల్‌తో వరస సంఖ్య వేసుకున్నాడు. అతన్ని చూసి నాకు ధైర్యం వచ్చింది. నాలాంటి మనిషి అనుకున్నాను. అతను మరాఠీలో మాట్లాడాడు. బాయికి మరాఠీ చదవడం రాదు కానీ మాట్లాడడం బాగా వచ్చు. వాళ్ల మాటలు ఇక్కడ నేను తెలుగులో రాస్తున్నాను.

ముందు బాయి పదకొండు పుస్తకాలూ తిరగేశాడు. తొందరపడలేదు. నలభై నిమిషాలు చూశాడు. "ఇవి ఈమె నడిపిందని చూపిస్తున్నాయి. అందులో అనుమానం లేదు. కానీ మొదటి పుస్తకం ఐదో ఏడుది. ఇద్దరూ దరఖాస్తు పెట్టినప్పుడు గది స్థాపించిన వాళ్లకు పోతుంది. స్థాపించిందని చూపించేది ఏదైనా ఉందా?"

"నేనే పెట్టిన సాహెబ్," అంది బాయి. "బొగ్గు నేనే కడిగిన."

అతను అవతలి దొంతర తీశాడు. బోర్డు ఫొటో, రిబ్బన్ ఫొటో, సన్మాన సంచిక పక్కన పెట్టాడు. "ఇవి ఆయన సొంత కాగితాలు. వీటిని నేను లెక్కలోకి తీసుకోను," అన్నాడు. నా గుండె తేలికైంది. తర్వాత నాలుగు పేజీల ప్రింటు తీశాడు.

"ఇది మాత్రం ఆయన చేతిలో లేనిది. నాకు తెలుగు చదవడం రాదు, అనువాదం చేయించుకున్నాను. చరిత్ర మొత్తం నేనే చూశాను. తొమ్మిదేళ్లలో పొగడ్తలు తీసేసినవీ, తిట్లు తీసేసినవీ చాలామటుకు మీ పేరు మీదే ఉన్నాయి. స్థానిక నాయకుల పేజీల్లో ఇంత శుభ్రమైనది నేను చూడలేదు మేడమ్."

మెచ్చుకుంటూనే అన్నాడు. ఆ తొమ్మిదేళ్లలో నన్ను ఎవరైనా మెచ్చుకున్నది అదొక్కసారే.

"ఆ వాక్యం తప్పు," అన్నాను. "ఆ సన్మాన పత్రం రాసింది నేనే. అందులో ఉన్నది నిజం కాదు."

"అదీ చూశాను. పోయిన నెల చర్చ పేజీలో రాశారు. నోటీసు అంటించిన ఏడో రోజున. మీరూ ఈమె ఒకే గల్లీలో ఉంటారు కదా?"

"ఉంటాం."

"నాలుగేళ్ల కిందట ఇదే మూలాన్ని సరిచూశానని సంతకం చేసిందీ మీరే. ఆమె గురించి ఎవరో రాసిన వాక్యాన్ని తీసేసిందీ మీరే. అప్పుడు మీకు ఈ గదితో పని లేదు. ఇప్పుడు ఉంది. ఏ మాట నమ్మమంటారు?"

 ఆ కుర్చీలో నేనుంటే సరిగ్గా అదే అడిగేదాన్ని. అతను నా మౌనాన్ని కూడా రాసుకున్నాడు, సమయంతో సహా. పన్నెండూ పదిహేడు.

బయట వరండాలో తల్లులు గోడకు ఆనుకుని నిలబడ్డారు. బాయి కింద కూర్చుని పుస్తకాలను సంచిలో పేరుస్తోంది. తల ఎత్తలేదు.

"ఆ సన్మానం రోజు నేను కొత్త చీర కట్టుకొని పోయిన అక్కా. స్టేజీ మీద నా పేరు కూడ చెప్తరని ఎవరో అన్నరు. ముంగట కుర్చీల కూసున్న. నీ కాయిదం చదివిండ్రు. ఎంత మంచిగ రాసిండ్రు అని నేను కూడ చప్పట్లు కొట్టిన."

"వాళ్లు ఏం చెప్పిన్రో అదే రాసిన బాయీ. అప్పుడు గది కోసం ఇట్ల అయితదని—"

"నా బిడ్డ సచ్చిపోయినప్పుడు కాయిదం లేదని నన్ను రెండుసార్లు మళ్లగొట్టినవ్. నేను ఏం అనలే. నీ నౌకరీ గదే అనుకున్న. ఆయనను ఒక్కసారన్న అడిగినవా, కాయిదం ఏది అని?"

సంచి నేను పట్టుకోబోయాను. ఇవ్వలేదు. నలుగురు తల్లుల్లో ఒకామె తీసుకుని నెత్తి మీద పెట్టుకుంది.

పంతొమ్మిదో రోజున, మంగళవారం, ఉత్తర్వు వచ్చింది. గది ట్రస్టు పేరిట. బాల్వాడీ నడపాలని ఉత్తర్వులో లేదు, 'సామాజిక వినియోగం' అని ఉంది. ఆ వారం శనివారం సాయంత్రం ఆరింటికి ఆఖరి పిల్లను తల్లి తీసుకుపోయింది. సోమవారం గుమ్మానికి కొత్త బోర్డు: నగర్‌సేవక్ జనసంపర్క కార్యాలయం. కొత్త భవనం లేచేవరకు ఇదే చోట. కార్యకర్త నన్ను చూసి లేచి నిలబడ్డాడు. ఎగతాళికి కాదు. "మావ్‌శీ, మంచిగ నేర్పినవ్," అన్నాడు. అతనికి అది కృతజ్ఞతే.

తాళం తీసిన రోజు పేజీ చూశాను. ఆ వాక్యానికి ఇప్పుడు రెండు మూలాలు ఉన్నాయి. ఏడోది సన్మాన సంచిక, ఎనిమిదోది ఆ ఉత్తర్వు. ఉత్తర్వు ఆ పేజీని చూసి ఇచ్చారు, పేజీ ఆ ఉత్తర్వును చూపిస్తోంది. నియమం ప్రకారం ఎక్కడా తప్పు లేదు. నా పేరు, సంకేతపదం రెండూ ఉన్న చీటీ చించేశాను. మిగతా పదమూడు పేజీలు ఇప్పుడు ఎవరు చూస్తున్నారో తెలియదు. వర్లి ఆయన చూస్తానన్నాడు. కంటి శుక్లం, మోతిబిందు ఆపరేషన్ తర్వాత చూడడం లేదు.

మూలం లేకుండా రాయమని నేను మీకు చెప్పను. అట్లా రాస్తే ఆ పేజీ నెలలో ఫ్లెక్స్ అవుతుంది, అది నేను చూశాను. నియమం మంచిదే. నియమాన్ని నేను కౌంటర్ అవతల ఉన్నవాళ్ల మీద ఒక రకంగా, స్టేజీ మీద ఉన్నవాళ్ల మీద ఒక రకంగా వాడాను. అంతకంటే నాకు తెలిసింది లేదు. తెలిసినట్టు రాయను.

పోయినవి ఇవి. పద్నాలుగు అడుగుల పొడవు, పది అడుగుల వెడల్పు ఉన్న గది ఒకటి. బాల్వాడీ బాయి ఇరవయ్యారేళ్లు. ఆమె పదకొండు హాజరు పుస్తకాలు. ఊరికి వెళ్లిపోయేటప్పుడు పాత కాగితాలు కొనే రద్దీవాలాకు తూకానికి వేసిందని తర్వాత తెలిసింది. నా తొమ్మిదేళ్ల పని. ఆమె, నేను ఎదురుపడితే మాట్లాడుకునే మాట. ఆఖరి రోజు హాజరులో ఉన్న పిల్లలు ఇరవై ముగ్గురు. వాళ్లలో తొమ్మిది మందిని పాలమూరులో అవ్వల దగ్గరికి పంపారు. నలుగురు తల్లుల వెంట సైట్ల మీద ఉంటున్నారు. మిగతా పదిమంది ఎక్కడున్నారో నా దగ్గర లెక్క లేదు.